తుఫాను తర్వాత పెరటి చెరువు: బస్తర్ డబరీలను పరీక్షించేటప్పుడు ఏం చూడాలి, ఏం చేయకూడదు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. ఆ రోజు విశాఖలో కూలిన చెట్ల ఫొటోలు దేశమంతా చూసింది. కానీ తుఫాను అక్కడితో ఆగలేదు. బలహీనపడుతూనే వాయవ్య దిశగా కదిలి, తూర్పు కనుమలు దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి వెళ్లింది. దాని దారిలో ముందుగా వచ్చేది బస్తర్ పీఠభూమి.

ఉత్తరాంధ్ర తీరాన్ని తాకే తుఫానులకు ఇది అలవాటైన దారే. 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ కూడా దక్షిణ ఒడిశా, దక్షిణ ఛత్తీస్‌గఢ్ వైపే సాగింది. తుఫాను ఏదీ లేకపోయినా 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోత వానలకు బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలు వరదల్లో చిక్కుకున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట విరుచుకుపడే ఈదురుగాలులు సరేసరి.

గాలీ వానా తగ్గాక ఇంటి పైకప్పు, పంట, పశువులు వెంటనే కళ్లబడతాయి. పెరట్లోని చిన్న చెరువు మాత్రం నిండుగా, నిశ్చలంగా ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చిన్న చెరువులకు జరిగే నష్టంలో చాలా భాగం తుఫాను రోజున కాదు, ఆ తర్వాతి రోజుల్లో జరుగుతుంది. అందులోనూ కొంత మనుషుల తొందరపాటు వల్ల జరుగుతుంది.

డబరీ అంటే ఏమిటి?

ఇంటి వెనకో, సొంత పొలంలోనో తవ్వుకునే చిన్న చెరువును ఛత్తీస్‌గఢ్‌లో డబరీ అంటారు. వీటిలో చాలావాటిని ఉపాధి హామీ పనుల కింద తవ్వారు. వాన నీరు నిలిపి వరికి ఒకటి రెండు తడులు ఇవ్వడం, బొచ్చె, రోహు వంటి చేపలు పెంచడం, గట్టు మీద కూరగాయలు వేయడం, పశువులకు తాగునీరు అందించడం దీని పనులు. 'బాడీ' అని పిలిచే పెరటి తోటకు ప్రాణం ఇదే.

ఒక లెక్క చూద్దాం. పైభాగంలో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు, వాలు గట్లు ఉన్న డబరీలో సుమారు ఏడు లక్షల లీటర్ల నీరు పడుతుంది. నిండా ఉన్నప్పుడు దాని మట్టం అయిదు సెంటీమీటర్లు తగ్గిందంటే దాదాపు 20 వేల లీటర్లు పోయినట్టు. అక్టోబరు తర్వాత పెద్ద వానలు ఉండవు. అప్పుడు పోయిన నీరు మళ్లీ జూన్ దాకా రాదు.

తెలుగు పాఠకులకు ఈ నేల కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. జగదల్‌పూర్‌లో విశాలంగా పరుచుకున్న దళపత్ సాగర్ చెరువు ఆ వంశపు రాజు దళపత్ దేవ్ పేరు మీదే ఉంది. చెరువు పెద్దదైనా పెరటి డబరీ అయినా దాని ఆరోగ్యాన్ని తెలుగు నేల మీద అందరూ ఎరిగిన మూడు చోట్లే చూడాలి: అలుగు, కట్ట, తూము.

ముందు చెరువు దగ్గరికి వెళ్లవచ్చా?

గాలి ఆగగానే గొడ్డలి పట్టుకుని చెరువు గట్టుకు పరుగెత్తడం మొదటి తప్పు. ముందుగా దూరం నుంచే మూడు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, కరెంటు తీగలు. చెట్టు పడినప్పుడు తీగను కూడా లాగి ఉండవచ్చు. తీగ నీటిలో పడితే చెరువు మొత్తం ప్రమాదకరమే. తడి నేలలోనూ కరెంటు పాకుతుంది. తెగిన తీగకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, 1912 నంబరుకు ఫోన్ చేసి, సరఫరా నిలిపివేశారని ఖాయం చేసుకున్నాకే ముందుకు కదలాలి. మోటారు పెట్టెను కూడా తడి చేతులతో ముట్టుకోకూడదు.

రెండు, పడిన చెట్టు ఇంకా కదలగలదు. మానుకింద వంగి నలిగిన కొమ్మ వింటిబద్దలా బిగిసి ఉంటుంది. దాన్ని నరికితే ఎగిరి తగులుతుంది. దీనికన్నా ప్రమాదకరమైనది వేళ్లతో సహా లేచిన మట్టి గడ్డ. మాను బరువు దాన్ని పైకెత్తి ఉంచుతుంది. మొదలు దగ్గర మాను కోసేయగానే ఆ బరువు పోయి, మొద్దు ఒక్కసారిగా వెనక్కి లేచి గోతిలో కూర్చుంటుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటూ ఉన్నా, ఎవరైనా నిలబడి ఉన్నా ప్రాణాలే పోతాయి.

మూడు, పాములు, తేళ్లు. వరద నీటికి బొరియలు మునిగితే అవి గట్టెక్కి కొమ్మల గుట్టల్లో దూరతాయి. చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడటం పల్లెల్లో అందరికీ తెలిసిన జాగ్రత్తే. ఆ హడావుడిలో మర్చిపోయేదీ అదే.

మొదట చూడాల్సింది అలుగే. ఎందుకు?

మట్టి కట్టకు అతి పెద్ద శత్రువు దాని మీదుగా పొర్లే నీరు. అలుగు ఉన్నది దాన్ని తప్పించడానికే. తుఫానులో రాలిన ఆకులు, విరిగిన రెమ్మలు, కొట్టుకొచ్చిన గడ్డి అన్నీ చేరేది ఆ ఇరుకు దారి దగ్గరికే. అలుగు మూసుకుపోతే తర్వాత వచ్చే ఒక మోస్తరు వానకే నీరు కట్ట మీదికెక్కుతుంది. కట్ట పైన ఎక్కడ కాస్త పల్లంగా ఉంటే అక్కడ మట్టి కోసుకుపోయి గండి పడుతుంది.

అందుకే తుఫాను వెళ్లాక చేయాల్సిన మొదటి మరమ్మతు అలుగు దారిలోని చెత్త తీయడం. నీటిలోకి దిగకుండా గట్టు మీద నిలబడి పొడవాటి కొక్కెం కర్రతో లాగాలి. అలుగు దిగువన నేల కోసుకుపోయి గుంట పడిందేమో కూడా చూడాలి. ఆ గుంట ఏ వానకు ఆ వానకు వెనక్కి, అంటే చెరువు వైపు పెరుగుతూ వస్తుంది. రాళ్లు పేర్చి ఆపకపోతే ఒకనాటికి అలుగునే మింగేస్తుంది.

కట్ట మీద ఏం వెతకాలి?

కట్టను రెండుసార్లు నడిచి చూడాలి. ఒకసారి పైన, ఒకసారి బయటి వైపు అడుగున. రెండోది చాలామంది చేయరు. కానీ చెరువు తన జబ్బును బయటపెట్టేది అక్కడే.

పైన నడిచేటప్పుడు పగుళ్లు చూడాలి. కట్ట పొడవునా సాగే పగులు ఉంటే, ఒక పక్క మట్టి జారడానికి సిద్ధంగా ఉందని అర్థం. కట్టకు అడ్డంగా, లోపలి నుంచి బయటికి సాగే పగులు ఇంకా ప్రమాదం. నీటికి అది నేరుగా దారి చూపిస్తుంది.

కట్ట అడుగున ఊట కనిపిస్తే దాని రంగు చూడాలి. మట్టి కట్ట కొంత చెమర్చడం సహజం. తేటగా, సన్నగా వచ్చే నీటి మీద రోజూ కన్నేసి ఉంచితే సరిపోతుంది. నీరు బురదగా వస్తోందంటే కట్ట లోపలి మట్టి దానితో పాటు కొట్టుకొస్తోందన్న మాట. కట్ట లోపల ఒక సొరంగం పెరుగుతోంది. కొన్ని గంటల్లోనే గండి పడవచ్చు.

అలాంటప్పుడు బయటి నుంచి రంధ్రాన్ని బంకమట్టితో మూసేయాలనిపిస్తుంది. అది పనిచేయదు. లోపల ఒత్తిడి పెరిగి నీరు పక్కనే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, మధ్యలో గులకరాళ్లు, ముతక ఇసుక వేయాలి. నీరు బయటికి రావాలి, మట్టి మాత్రం లోపలే ఆగాలి. దిగువన ఇళ్లు ఉంటే వారిని ముందే హెచ్చరించాలి.

ఎలుకలు, పీతలు చేసిన బొక్కలు కూడా తుఫాను తర్వాతే బయటపడతాయి. మామూలు రోజుల్లో నీటి మట్టానికి పైన ఉండే బొరియలు చెరువు నిండినప్పుడు మునిగి, కట్టకు అవతలి వైపు కారడం మొదలవుతుంది. అలాంటి చోటును గుర్తుగా కర్ర పాతి ఉంచి, నీరు తగ్గాక తవ్వి, తడి బంకమట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. పైపైన మట్టి కప్పితే లోపలి బొక్క అలాగే ఉంటుంది.

చెట్టు కట్ట మీదే ఉంటే?

బస్తర్‌లో చెరువు గట్టు మీద చెట్టు లేకపోవడం అరుదు. ఇప్ప, చింత, మామిడి, తెల్లమద్ది, జీలుగు చెట్లు నీడనూ ఆదాయాన్నీ ఇస్తాయి. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి కాబట్టి చెట్టు కట్టకు బలమని చాలామంది అనుకుంటారు. గడ్డి విషయంలో అది నిజం. పెద్ద చెట్టు విషయంలో కాదు.

కారణాలు రెండు. తడిసి మెత్తబడిన కట్ట మీద గాలికి చెట్టు ఊగితే వేళ్ల చుట్టూ మట్టి వదులవుతుంది. చెట్టు కూలితే వేళ్ల గడ్డతో పాటు కట్టలో పెద్ద ముక్కే లేచిపోతుంది. ఇది కంటికి కనిపించే నష్టం. కనిపించని రెండో నష్టం నెమ్మదిగా వస్తుంది. చచ్చిన చెట్టు వేళ్లు కొన్నేళ్లకు కుళ్లి, వాటి స్థానంలో ఖాళీ గొట్టాలు మిగులుతాయి. నీటికి అవే దారులు. మట్టి ఆనకట్టల మీద చెట్లు పెరగనివ్వకూడదని ఇంజినీర్లు చెప్పేది ఇందుకే. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా 2005లో ఈ ఒక్క విషయం మీదే ప్రత్యేకంగా ఒక మాన్యువల్ వెలువరించింది.

అలాగని పడిన చెట్టు మొద్దును ట్రాక్టరుకు గొలుసు కట్టి వెంటనే లాగేయకూడదు. చెరువు నిండా ఉన్నప్పుడు అలా లాగితే సగం కట్ట ఊడివస్తుంది. కొమ్మలు, మాను జాగ్రత్తగా కోసి బరువు తగ్గించాలి. మొద్దును, వేళ్లను వేసవి దాకా వదిలేయాలి. ఈలోగా గోతి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి కట్ట ఎత్తు తగ్గకుండా చూడాలి. నీరు అడుగంటాక మొద్దుతో పాటు లావు వేళ్లను తవ్వి తీసి, గోతి అంచులను మెట్లుగా చెక్కి, బంకమట్టి పొరలతో దిమ్మిస కొడుతూ నింపాలి. ఆ చోట మళ్లీ చెట్టు కాకుండా గడ్డి గానీ వట్టివేరు గానీ నాటాలి. వట్టివేరు వేళ్లు నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి, లావెక్కవు. చెట్లను కట్టకు కొన్ని మీటర్ల అవతల పెంచుకోవచ్చు.

చెట్టు లేచిన గోతి కట్టకు దూరంగా ఉన్నా దాన్ని వదిలేయకూడదు. మలేరియా నిర్మూలనకు 2020లో ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టాల్సి వచ్చిన ప్రాంతమిది. నిలిచిన నీటిలో దోమ గుడ్డు పదిరోజుల్లోపే దోమగా ఎగురుతుంది. వారంలోగా గోతిని పూడ్చాలి.

చెరువు కారుతోందా, ఆవిరవుతోందా?

వాన ఆగిన నాలుగైదు రోజులకు మట్టం తగ్గితే నీరు ఎటు పోయిందన్న అనుమానం వస్తుంది. దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఒక బకెట్‌ను చెరువు నీటితో నింపి, గట్టు దగ్గర లోతులేని చోట రాళ్ల మధ్య కదలకుండా సగం మునిగేలా పెట్టాలి. బకెట్ లోపలి నీటి మట్టం దగ్గర ఒక గీత, బయట చెరువు మట్టం దగ్గర ఒక గీత గీయాలి. వాన పడని 24 గంటల తర్వాత రెండూ చూడాలి.

బకెట్‌లో తగ్గింది ఎండ తీసుకున్న నీరు. అక్టోబరులో అది రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. బయట కూడా అంతే తగ్గితే చెరువు బాగున్నట్టే. చెరువులో బకెట్‌కన్నా ఎంత ఎక్కువ తగ్గిందో అంత నీరు నేలలోకో, కట్టలోంచో పోతోంది.

ఆ తేడాను నేలను బట్టి అర్థం చేసుకోవాలి. బస్తర్ రైతులు భూమిని ఎత్తుపల్లాలను బట్టి మర్హాన్, టిక్రా, మాల్, గభార్ అని విభజిస్తారు. మెరక టిక్రాలో తవ్విన డబరీ ఏటా కొంత ఇంకుతుంది. పల్లంలోని గభార్‌లో ఉన్న డబరీ ఉన్నట్టుండి తగ్గితే మాత్రం కట్టను అనుమానించాలి. ఒక్క రోజు లెక్క కన్నా వారం రోజుల లెక్క నమ్మదగినది.

చేపలు తెల్లవారుజామున పైకెందుకు వస్తాయి?

తుఫాను తర్వాత చేపలు చనిపోతే ఎవరో విషం కలిపారన్న అనుమానాలు రావడం, ఊళ్లో తగాదాలు రేగడం మామూలే. చాలాసార్లు అసలు కారణం ఆక్సిజన్. చల్లని వాన నీరు పడగానే పైపొర బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీరు పైకి వస్తుంది. మబ్బు వల్ల నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయలేదు. రాలిన ఆకులు కుళ్లుతూ ఉన్నదాన్ని కూడా వాడేస్తాయి.

బొచ్చె, రోహు వంటి చేపలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే మంచిది. మూడు కన్నా తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది. రాత్రంతా వాడకమే తప్ప తయారీ ఉండదు కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ వేళ చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్రమాదం గుమ్మంలో ఉన్నట్టే.

అప్పుడు మేత, పేడ వేయడం ఆపాలి. మోటారుతో చెరువు నీటినే తోడి గాలిలోంచి మళ్లీ చెరువులో పడేలా చిమ్మాలి. తేలే ఆకులను వలతో లాగేయాలి. కానీ అడుగున పేరుకున్న కుళ్లును కలియబెట్టకూడదు. నీరు నల్లగా, టీ డికాక్షన్‌లా మారితే అది ఆకుల్లోని రసం. దాన్ని చూసి కంగారుపడి బస్తాలకొద్దీ సున్నం కుమ్మరించకూడదు. ముందు ఆమ్లగుణం కొలిపించాలి.

చెరువు ఖాళీ చేసి చూస్తే పోదా?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే ఆలోచన ఇదే. జగదల్‌పూర్‌లోనో విశాఖలోనో ఇంటి పెరట్లో సిమెంటు ఈతకొలను ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. చెట్టు పడి గోడ బీటలు వారిందేమో చూడాలని నీళ్లన్నీ తోడించేస్తారు. అప్పటికి చుట్టూ నేల నీటితో నిండి ఉంటుంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న ఖాళీ కొలనును, భూగర్భ జలం నేల మట్టం దాకా ఉంటే, దాదాపు 48 టన్నుల బలం కింది నుంచి పైకి నెడుతుంది. ఎనిమిది అంగుళాల మందం కాంక్రీటుతో కట్టిన ఆ తొట్టె బరువు 33 టన్నుల చిల్లర. అంటే కొలను పడవలా తేలడానికి ప్రయత్నిస్తుంది. అడుగు పగులుతుంది, గొట్టాలు విరుగుతాయి. అప్పటిదాకా దాన్ని కాపాడింది అందులోని నీళ్లే.

మట్టి చెరువుది కాస్త వేరే రూపంలో అదే కథ. కట్ట లోపలి వాలు నీటిని పీల్చుకుని బరువెక్కి ఉంటుంది. ఎదురుగా ఉన్న చెరువు నీరు దానికి దన్ను. ఒక్క రోజులో మోటార్లు పెట్టి తోడేస్తే ఆ దన్ను పోతుంది. మట్టిలోని నీరు మాత్రం అంత త్వరగా దిగదు. బరువెక్కిన వాలు జారి చెరువులోనే పడుతుంది. ప్రమాదకరమైన ఊట వల్ల తప్పనిసరిగా మట్టం తగ్గించాల్సి వస్తే తూము ద్వారా మెల్లగా, వాలును గమనిస్తూ తగ్గించాలి. గండి పడే సూచన ఉంటేనే దీనికి మినహాయింపు.

పడిన చెట్టు ఎవరిది?

బస్తర్‌లో ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. సొంత భూమిలో యజమాని హక్కుగా ఉండే చెట్లను ఇక్కడ 'మాలిక్ మక్బూజా' అంటారు. 1990లలో ఆ పేరుతోనే ఒక కుంభకోణం బయటపడింది. ఆదివాసుల భూముల్లోని విలువైన టేకు తదితర చెట్లను వ్యాపారులు, దళారులు అధికారుల అండతో కారుచౌకగా కొట్టుకుపోయారన్నది ఆరోపణ. లోకాయుక్త విచారణ జరిగింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి సీబీఐ చేతికి వచ్చింది. ఆదివాసుల చెట్ల మీద హక్కుల రక్షణకు, ఛత్తీస్‌గఢ్ విడిపోవడానికి ముందే, 1999లో మధ్యప్రదేశ్ కొత్త చట్టం తెచ్చింది. నిర్దేశించిన జాతుల చెట్లను కొట్టడానికీ అమ్మడానికీ అనుమతులు ఉండాల్సింది అందుకే.

తుఫాను తర్వాత లారీతో వచ్చి "చెత్త ఊరికే ఎత్తేస్తాం" అనేవారికి మాను అప్పగించే ముందు ఇది గుర్తుంచుకోవాలి. పెరట్లో పడ్డ టేకు లేదా సాల మాను చెత్త కాదు, ఆస్తి. దారికి, అలుగుకు అడ్డమున్న కొమ్మలు తీయవచ్చు. మానును మాత్రం పట్వారీకి, అటవీ సిబ్బందికి చూపించి, రాతపూర్వకంగా నమోదు చేయించాకే కదిలించాలి.

నష్టపరిహారానికీ ఆ నమోదు పనికొస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో ప్రకృతి వైపరీత్యాల సాయం రెవెన్యూ పుస్తక పరిపత్రం 6-4 కింద అందుతుంది. అర్జీ తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వాలి. ఏదీ కదిలించక ముందే తేదీ కనిపించేలా ఫొటోలు తీయాలి. పడిన చెట్టు, లేచిన కట్ట, చనిపోయిన చేపలు, పక్కనే గుర్తుపట్టగల ఇల్లో గుడో వాటిలో ఉండాలి.

వచ్చే తుఫానుకు ముందు

తుఫాను తర్వాత చేసే పరీక్ష విలువ, అంతకుముందు చెరువు ఎలా ఉండేదో తెలిసి ఉండటాన్ని బట్టి ఉంటుంది. పాత పగులేదో కొత్తదేదో తెలియకపోతే చూసినా ఉపయోగం తక్కువ. జూన్‌కు ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు ఒకసారి కట్ట చుట్టూ నడిచి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఎండిన కొమ్మలు, ఒరిగిన చెట్లు ముందే చూసుకోవాలి. లోపల అంగుళాల గీతలు గీసిన ఒక కర్ర పాతాలి.

పది నిమిషాల పని అది. తుఫాను మర్నాడు ఉదయం ఆ కర్ర మీది గీత చూస్తే, తోడాలా, పూడ్చాలా, లేక ఏమీ చేయకుండా మరో రోజు ఆగాలా అన్నది తేలిపోతుంది. చాలాసార్లు ఆ మూడోదే సరైన సమాధానం.